చప్పుడు చెయ్యని బుల్లి ఫ్రిజ్.. చల్లబడకపోతే?

అమీర్‌పేటలో హాస్టల్ ఖాళీ చేసి ముగ్గురు నలుగురు కలిసి రూమ్ తీసుకున్నారంటే, ముందు గ్యాస్ స్టవ్ వస్తుంది. తర్వాత కూలర్. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్. అందులో ఒక బుల్లి రకం ఉంది, మీరూ చూసే ఉంటారు. హోటళ్లు గదులు రిపేర్ చేయించినప్పుడు తీసేసే మినీబార్ ఫ్రిజ్ అది. మోకాలెత్తు ఉంటుంది, ధర తక్కువ, పైగా చప్పుడే ఉండదు. రాత్రంతా జావా, పైథాన్ ప్రాక్టీస్ చేసి తెల్లారుజామున నడుం వాల్చేవాళ్లకి ఇంకేం కావాలి!

మా రూమ్‌లోనూ అదే ఉండేది. మైత్రీవనం వెనక సందులో మాది పెంట్‌హౌస్. పేరు గొప్పే గానీ, నిజానికి నాలుగంతస్తుల బిల్డింగ్ మీద రేకుల గది. ఉండేది ముగ్గురం. నాకూ ఇంకొకడికీ ఫ్రిజ్ అంటే పెరుగు, దోశపిండి. మూడోవాడికి టైప్-1 షుగర్. పదో తరగతి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాడు. మూణ్నెల్లకోసారి పంజాగుట్ట నిమ్స్‌లో చెకప్. వాడి ఇన్సులిన్ స్టాక్ అంతా ఆ బుల్లి ఫ్రిజ్‌లోనే.

అందుకే ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ‘ఒరేయ్, నీళ్ల బాటిల్ చల్లగా లేదేంట్రా’ అని వాడంటే, అందరం సీరియస్ అయ్యాం. సీల్ తియ్యని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కట్టినా పనికిరాదు, వేడెక్కినా బలం తగ్గిపోతుంది. చెడిపోయినా కంటికి మామూలుగానే కనిపించొచ్చు. కాబట్టి రంగు మారలేదు కదా అని వాడెయ్యకూడదు. అనుమానం వస్తే డాక్టర్నో ఫార్మసిస్టునో అడగాల్సిందే. మా సందు చివర మెడికల్ షాప్ అంకుల్ మంచాయన. ‘తెచ్చి నా ఫ్రిజ్‌లో పెట్టండి బాబూ, మీది సంగతి తేలేదాకా ఉండనీయండి’ అన్నారు. ముందు ఆ పని చేసి, తర్వాత మెకానిక్‌ని పిలిచాం.

‘కంప్రెసర్ ఏదన్నా?’

మెకానిక్ వచ్చి ఫ్రిజ్ వెనక్కి తిప్పాడు. వంగి చూశాడు. ‘గ్యాస్ కొట్టిద్దామంటే.. దీనికి కంప్రెసరే లేదేంటన్నా!’ అని నవ్వేశాడు. నిజమే, లేదు. ఇది వేరే జాతి. అబ్సార్ప్షన్ ఫ్రిజ్ అంటారు.

మామూలు ఫ్రిజ్‌లో గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కి తిప్పుతుంది. ఇందులో ఆ పని వేడి చేస్తుంది. మూసేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద చిన్న హీటర్ వేడి చేస్తే నీళ్లలోంచి అమ్మోనియా ఆవిరై పైకెళ్తుంది. పైన చల్లబడి ద్రవమవుతుంది. అక్కణ్నుంచి లోపలి అరలోకి దిగి, హైడ్రోజన్‌తో కలిసి మళ్లీ ఆవిరవుతూ అరలోని వేడిని లాగేస్తుంది. ఆ తర్వాత నీళ్లలో కలిసిపోయి కిందికొచ్చేస్తుంది. మోటార్ లేదు, తిరిగే భాగమే లేదు. చప్పుడు లేనిది అందుకే. 1922లో స్వీడన్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ స్టూడెంట్లు, ప్లాటెన్, ముంటర్స్, దీన్ని కనిపెట్టారు. 1925 నుంచి ఎలక్ట్రోలక్స్ మార్కెట్‌లోకి తెచ్చింది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమెరికాలో ఉన్న మా బావకి చెబితే, ‘మేం టూర్‌కి అద్దెకి తీసుకున్న మోటార్‌హోమ్‌లోనూ ఇదే రకంరా’ అన్నాడు. అక్కడ హీటర్ బదులు ప్రొపేన్ గ్యాస్ మంట. కరెంటు లేని అడవిలో కూడా ఐస్ తయారవుతుంది. బండి ఇచ్చినాయన మాత్రం ఒకటికి నాలుగుసార్లు చెప్పాడట, ‘బండి చదునుగా ఉన్నచోటే ఆపండి, లేకపోతే ఫ్రిజ్ పనిచెయ్యదు’ అని. ఆ మాటే మాకు దారి చూపించింది. (మంటతో నడిచే మోడల్ ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా, మూసి ఉన్న గదిలో మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.)

పైసా ఖర్చు లేకుండా మీరే చూడండి

*లెవెల్:* లోపల ద్రవం తనంతట తానే కిందికి జారాలి. ఫ్రిజ్ ఒరిగితే మధ్యలోనే ఆగిపోతుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది కదా, ఫ్రిజ్ మీద, లోపలి అరలో పెట్టి చూడండి. వంకర ఉంటే కాళ్ల కింద అట్టముక్క పెట్టండి.

*గాలి:* వెనక గొట్టాల వేడి పైకి పోవాలి. గోడకి ఆనించినా, అల్మరాలో ఇరికించినా పోదు. బెత్తెడు ఖాళీ ఉంచండి. ప్లగ్ తీసి దుమ్ము దులపండి.

*తలుపు రబ్బరు:* పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వెయ్యండి. లాగితే ఈజీగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే.

*హీటర్:* ఆన్ చేసిన అరగంటకి వెనక కింది భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. వేడి తగలకపోతే హీటరో థర్మోస్టాటో పోయినట్టు. ఎలక్ట్రీషియన్ మీటర్‌తో చూసి మార్చగలడు. వెనక బాగా వేడిగా ఉండి లోపల అస్సలు చల్లగా లేకపోతే గొట్టాల్లోనే తేడా.

*వాసన, పసుపు పొడి:* ముక్కు అదిరే అమ్మోనియా వాసన వచ్చినా, గొట్టాల మీద పసుపు పొడి కనిపించినా లీకైనట్టే. స్విచ్ ఆపి కిటికీలు తెరవండి. ఆ పసుపు తుప్పు పట్టకుండా కలిపే సోడియం క్రోమేట్. విషం, ముట్టుకోవద్దు. వెల్డింగ్ చేయిద్దామని కూడా అనుకోకండి, లోపలున్నది హైడ్రోజన్. ఆ ఫ్రిజ్ కథ అయిపోయినట్టే.

ఇంకో మాట. ఇది నిదానస్తుడు. ఏది సరిచేసినా కనీసం 12 గంటలు ఆగి, లోపల గ్లాసుడు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడాలి. చేత్తో పట్టుకుని ‘చల్లగానే ఉంది’ అంటే కుదరదు.

జబ్బు ఫ్రిజ్‌ది కాదు, గదిది

మాది అన్ని టెస్టులూ పాసయ్యింది. లెవెల్ ఓకే, వెనక వేడి ఓకే, వాసన లేదు. తెల్లారి 5 గంటలకి థర్మామీటర్ 7 డిగ్రీలు చూపించింది. మధ్యాహ్నం 3 గంటలకి 16! అప్పుడు లోపల అంటించిన లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేశాం. ‘క్లైమేట్ క్లాస్: ఎన్’ అని ఉంది.

అసలు గుట్టు అదే. ఎన్ అంటే చుట్టూ 16 నుంచి 32 డిగ్రీలు ఉండే చోట నడిచేది. ఎస్‌టీ అయితే 38 దాకా, టీ అయితే 43 దాకా. మా ఫ్రిజ్ ఏసీ హోటల్ గది కోసం పుట్టింది. ఏప్రిల్ ఎండలో రేకుల కింద 40 డిగ్రీల్లో దాన్ని నిలబెడితే అదేం చేస్తుంది? రిపేర్ చేయడానికి అందులో ఏమీ లేదు.

కరెంటు లెక్కా వేశాం. వెనక 70 వాట్లు అని ఉంది. ఎండాకాలం హీటర్ ఆగదు కాబట్టి రోజంతా అంటే 1.68 యూనిట్లు, నెలకి 50. మా ఓనర్ సబ్‌మీటర్ మీద యూనిట్‌కి 9 రూపాయలు తీసుకుంటారు. అంటే నెలకి 450. కంప్రెసర్ ఉన్న కొత్త 180 లీటర్ల సింగిల్ డోర్ స్టార్ లేబుల్ మీద చూస్తే ఏడాదికే 200 యూనిట్లలోపు ఉంది. నెలకి 150 రూపాయలు. సైజు మూడు నాలుగు రెట్లు, బిల్లు మూడో వంతు!

ఆ ఆదివారం మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్ట షోరూమ్‌లకి వెళ్లాం. సేల్స్ అబ్బాయి రంగులు, డిజైన్లు చూపిస్తుంటే మావాడు మాత్రం ‘అన్నా, క్లైమేట్ క్లాస్ చూపించండి’ అన్నాడు. టీ అని ఉన్నది 13,500కి తీసుకున్నాం. తలా 4,500. నెలకి మిగిలే 300తో డబ్బులు తిరిగి రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. నేను అదే అంటే వాడన్నాడు: ‘ఒక నెల ఇన్సులిన్ పాడైతే లెక్క మారిపోతుంది కదరా.’ ఇంక ఎవరం మాట్లాడలేదు.

రాత్రికి ఆటో ట్రాలీలో రూమ్‌కి చేర్చాం. కాసేపు నిలబెట్టి ఉంచి, ఆన్ చేసి, రెండు రోజులు థర్మామీటర్ చూశాం. మధ్యాహ్నం కూడా 5 దగ్గరే ఉంది. అప్పుడే మెడికల్ షాప్ నుంచి ఇన్సులిన్ వెనక్కి తెచ్చాం. ఫ్రీజర్‌కి దూరంగా మధ్య అరలో, డబ్బాలో పెట్టాం.

మరి పాత బుల్లిది? పాత సామానువాడికి వెయ్యలేదు. గొట్టాలు కోస్తే అమ్మోనియా మొహం మీదకి ఎగజిమ్ముతుంది. నిజంగా చెడిపోతే ఈ-వేస్ట్ తీసుకునే ఆథరైజ్డ్ సెంటర్‌కే ఇవ్వాలి. మాది బతికే ఉంది కాబట్టి, తెలిసిన కోచింగ్ సెంటర్‌లో ఏసీ ల్యాబ్‌కి ఇచ్చాం. లెవెల్ చూసి మరీ పెట్టి వచ్చాం. అక్కడ నీళ్ల బాటిళ్లు బ్రహ్మాండంగా చల్లబడుతున్నాయట.

మీరు సెకండ్ హ్యాండ్‌లో ఏ ఫ్రిజ్ చూసినా, బేరం ఆడేముందు లేబుల్ ఫొటో తియ్యండి. మీది టెర్రస్ గదైతే అందులో టీ అనే అక్షరం ఉందో లేదో చూసి అప్పుడు రేటు అడగండి.