కెనడా వెళ్లే పిల్లలకు బీమా ఎన్నాళ్లకు ఉండాలి?

యానాంలో 1962 తర్వాత కూడా ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఆ పాస్‌పోర్టుతో 18 నుంచి 35 ఏళ్ల లోపు వారు ‘వర్కింగ్ హాలిడే’ పర్మిట్ మీద రెండేళ్ల వరకు కెనడాలో ఉండవచ్చు. ముందుగా చూసుకోవలసింది బీమా.

పర్మిట్ చేతికిచ్చేది అక్కడ దిగాక సరిహద్దు అధికారి. ఆయన బీమా పత్రం అడగవచ్చు, లేకపోతే లోపలికే రానివ్వకపోవచ్చు. వైద్యం, ఆసుపత్రి ఖర్చు, అవసరమైతే స్వదేశానికి తరలింపు, మూడూ అందులో ఉండాలి. అదీ ఉండబోయే కాలమంతటికీ. డబ్బు మిగులుతుందని ఆరు నెలలకే కొంటే పర్మిటూ ఆరు నెలలకే ఇవ్వవచ్చు. తర్వాత బీమా పొడిగించుకున్నా పర్మిట్ పెంచరు. అక్కడి రాష్ట్ర హెల్త్ కార్డు వస్తుందిలే అనుకోవద్దు, అదొక్కటే చాలదు. రెండేళ్ల ప్రీమియం ఒకేసారి కట్టడం భారమే. అయినా ఇక్కడ పొదుపు వద్దనే మేమంటాం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారి సంగతి వేరు. ఈ పర్మిట్‌కు కెనడాతో మనకు ఒప్పందం లేదు. బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ పథకంలో బీమా బదులు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము, రెండేళ్లకు 1,552 పౌండ్లు, వీసా దరఖాస్తుతోనే కట్టించుకుంటారు. ఆస్ట్రేలియా లాటరీలో పేరొచ్చినవారికి అక్కడి మెడికేర్ వర్తించదు, సొంత బీమాతోనే బయలుదేరాలి.