పనిచేయుచోట పట్టెడన్నము

మెదకు ప్రాంతమునకు మెతుకుసీమయని ప్రసిద్ధి కలదు. 2016లో ఆ జిల్లానుండి వేరుపడిన సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరువు, పాశమైలారము పారిశ్రామికవాడల చెంతనే చిట్కుల్ ఉన్నది. ఒడిశా, బీహారు, ఝార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన కూలివారెందరో ఈ వాడలలోని యంత్రములను నడుపుచున్నారు. మెతుకు పేరుగల సీమలో, దినమెల్ల శ్రమించినవాడు రాత్రి మెతుకునకై వెదకికొనవలసి వచ్చుట మనకు మర్యాదయా?

ఇది ధాన్యము కొరతవలన వచ్చిన కష్టము కాదు. 1983లో రెండురూపాయలకు కిలో బియ్యమిచ్చి దేశమునకు దారిచూపినది తెలుగునేల. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము తిండిని దయగా గాక హక్కుగా నంగీకరించెను. మనిషికి నెలకు 5 కిలోలు. 2023 జనవరినుండి అదియు ఉచితము. తెలంగాణ ప్రభుత్వము తన కార్డుదారులకు 6 కిలోలిచ్చుచు, 2025 ఏప్రిల్‌నుండి సన్నబియ్యమునే పంచుచున్నది.

మరి లోపమెచ్చట? లెక్కలో నున్నది. ఈ చట్టము దేశముమీద గ్రామవాసులలో నూటికి 75 మందికి, పట్టణవాసులలో నూటికి 50 మందికి వర్తించును. ఆ లెక్కకు ఆధారము 2011 నాటి జనగణనము. పిమ్మట పుట్టిన బిడ్డలను, ఊరువిడిచి వచ్చిన పనివారిని అది యెరుగదు. ధాన్యము కార్డు వెంట పోవుచున్నది. ఆకలి పని వెంట పోవుచున్నది. రెండును కలియుట లేదు.

ఒకే దేశము, ఒకే రేషను కార్డు అను ఏర్పాటు కలదుగదా యని కొందరనవచ్చును. నిజమే. 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రముల నడుమ మొదలై అది దేశమంతట వ్యాపించెను. కూలివాడు తన పాలు ఇచ్చట, ఇంటివారు తమ పాలు స్వగ్రామమున తీసికొనవచ్చును. మేలైన యేర్పాటే. కాని కార్డులో పేరు లేనివాని గతి యేమి? పనిచేసి అరిగిన వ్రేళ్లను యంత్రము గుర్తింపనివాని గతి యేమి? నెలకు 5 కిలోలనగా దినమునకు సుమారు 165 గ్రాములు. బరువులెత్తువానికి అది ఎన్ని పూటలకు చాలును? పొయ్యిలేని గదిలో తలదాచుకొనువానికి బియ్యమిచ్చినంతనే అన్నమగునా?

2020లో దేశము స్తంభించినపుడు ఈ సత్యము బట్టబయలయ్యెను. ప్రభుత్వము వలసకూలికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ప్రకటించెను. అయినను ఏప్రిల్ 29న ఈ జిల్లాలోని కందిలో, ఐ.ఐ.టి. భవనములు కట్టుచున్న కూలివారు స్వగ్రామములకు పంపుడని వీధికెక్కిరి. మే 1న లింగంపల్లినుండి హటియాకు సుమారు 1,200 మందితో సాగినదే దేశమున మొదటి శ్రామిక రైలు. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు, మహమ్మారి యున్నంతకాలము వలసకూలివారికి ధాన్యమిచ్చి, సామూహిక వంటశాలలు నడుపవలెనని ఆజ్ఞాపించెను. మహమ్మారి తొలగినది, ఆకలి తొలగినదా?

2025 జూన్ 30న పాశమైలారములోని ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి, యాభైమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వారిలో ఇతర రాష్ట్రములవారనేకులు. మృతులను పోల్చుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు కావలసివచ్చెను. చనిపోయిన పిమ్మట ఇంత శ్రమపడి గుర్తించు మనము, బ్రదికియున్నపుడే లెక్కించుట కష్టమా?

కావున మూడు పనులు జరుగవలెను. మొదటిది: స్థానిక సంస్థలు ఇంటి యజమానులద్వారా, మేస్త్రీలద్వారా కూలివారి పట్టికను వ్రాయించి యేటేట సవరింపవలెను. రెండవది: ఆ పట్టికనుబట్టి చౌకధరల దుకాణములకు సరకు పంపి, కార్డులేనివారికిని ఇయ్యవలెను, పని విడిచిన వేళలందు దుకాణములు తెరచియుండవలెను. మూడవది: వండిన అన్నము. 1948 నాటి కర్మాగారముల చట్టము 250 మందికి మించి పనిచేయుచోట క్యాంటీను నడుపుటకు వీలు గల్పించెను. 2020 నాటి కోడు ఆ సంఖ్యను 100కు దింపెను. అంతకంటె చిన్న కర్మాగారములకు వాడకొకటిగా ఉమ్మడి భోజనశాల నేర్పరుపవలెను. 2014లో హైదరాబాదున మొదలైన ఐదురూపాయల భోజనము ఇందుకు నమూనా.

డొక్కా సీతమ్మగారివంటి అన్నదాతలను గన్న జాతి మనది. వారికి నమస్కారము. కాని దానము దాత యున్నంతవరకే. ఆంధ్రప్రదేశమున 2018లో తెరచిన అన్న క్యాంటీనులు, ప్రభుత్వము మారగా 2019లో మూతపడి, మరల 2024లోగాని తెరువబడలేదు. ఎన్నికలతో మూతపడు భోజనము హక్కు గానేరదు. దానికి చట్టము, నిధి రెండును ఉండవలెను.

పరిశ్రమలవలన మన పొలములకు ధర పెరిగినది; మన గదులకు అద్దె వచ్చుచున్నది. ఆ భాగ్యమునకు మూలము ఈ కూలివాని చెమటయే. అతని యోటు వేరొక రాష్ట్రమునం దుండుటచే అతని మొర ఇచ్చట వినువారు లేరు. వినిపింపవలసినవారము మనమే. వార్డుసభలో, పురపాలక సభలో, శాసనసభ్యుల యెదుట ఈ మూడు కోరికలను మనమే ముందుంచవలెను. అప్పుడుగాని మెతుకుసీమ యను పేరు మనకు దక్కదు.