గ్రాఫిక్స్ కార్డు: పుట్టుక, పరుగు, ఆయాసం

కంప్యూటర్ తెర మీద కనిపించే ప్రతి పిక్సెల్‌ రంగునూ మెమరీలో ఎక్కడో ఒకచోట దాచి ఉంచాలి. సెకనుకు కొన్ని పదులసార్లు దాన్ని చదివి తెరకు పంపుతూ ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు పుట్టింది ఈ చిన్న పని కోసమే. ఐబీఎం 1981లో తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చినప్పుడు దానికి రెండు రకాల డిస్‌ప్లే కార్డులు దొరికేవి. ఎండీఏ కార్డు అక్షరాలు మాత్రమే చూపించేది. సీజీఏ కార్డు బొమ్మలు కూడా చూపించేది. దాని మీద ఉన్న మెమరీ 16 కిలోబైట్లు. అడ్డంగా 320, నిలువుగా 200 పిక్సెళ్లంటే మొత్తం 64,000. నాలుగు రంగుల్లో ఏదో ఒకటి చెప్పడానికి పిక్సెల్‌కు రెండు బిట్లు చాలు. అంటే 16,000 బైట్లతో తెరంతా నిండిపోతుంది. అంతకుమించి ఒక్క రంగు చేర్చాలన్నా ఆ మెమరీలో చోటు లేదు.

ఆ కార్డులు బొమ్మను తెరకు చేరవేసేవే తప్ప గీసేవి కావు. గీసే శ్రమంతా ప్రాసెసర్‌దే. 1987లో 640 × 480 పిక్సెళ్ల వీజీఏ వచ్చాక కూడా పరిస్థితి మారలేదు. 1993 నాటి డూమ్, 1996లో తొలిసారి విడుదలైన క్వేక్ వంటి ఆటల్లో గోడలు, నేల, శత్రువులు అన్నీ ప్రాసెసర్ ఒక్కటే లెక్కగట్టి గీసినవే.

మార్పు 1996లోనే మొదలైంది. త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ తెచ్చిన వూడూ కార్డుకు మామూలు డెస్క్‌టాప్ బొమ్మ చూపించడం అసలు చేతకాదు. అందుకు వేరే కార్డు ఉండాల్సిందే. ఆ కార్డు నుంచి ఒక కేబుల్ వూడూలోకి, వూడూ నుంచి ఇంకొకటి మానిటర్‌కు వెళ్లేవి. దానికి తెలిసిన విద్య ఒక్కటే: త్రిభుజాలను తీసుకుని వాటికి రంగు, నునుపు అద్దడం. త్రీడీ దృశ్యం ఏదైనా చివరికి వేల త్రిభుజాల కూర్పే కనుక ఆ ఒక్క విద్య సరిపోయింది. 1997 మొదట్లో క్వేక్‌ను ఇలాంటి కార్డుల కోసం మార్చి విడుదల చేశారు. గరుకుగా కనిపించిన గోడలే అందులో నునుపుగా, వేగంగా కదిలాయి.

త్రిభుజాల మూలలు తెర మీద ఎక్కడ పడాలో, వాటి మీద ఎంత వెలుతురు పడాలో తేల్చే లెక్క మాత్రం ఇంకా ప్రాసెసర్ దగ్గరే ఉండిపోయింది. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256తో ఆ పనినీ కార్డులోకి లాక్కుని, ఆ చిప్‌కు జీపీయూ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. 2001లో జీఫోర్స్ 3 వచ్చాక ఆ లెక్కల్లో కొంత భాగాన్ని ప్రోగ్రామర్లే రాసుకునే వీలు కలిగింది. 2006 నవంబరులో వచ్చిన 8800 జీటీఎక్స్‌లో 68 కోట్ల ట్రాన్సిస్టర్లు, ఏ పనికైనా వాడుకోగల 128 లెక్కల యూనిట్లు ఉన్నాయి. ఆ యూనిట్లను బొమ్మలతో సంబంధం లేని శాస్త్రీయ లెక్కలకూ వాడుకునేలా మరుసటి ఏడాది ‘కూడా’ (CUDA) అనే ప్రోగ్రామింగ్ వేదిక వచ్చింది. నేటి కృత్రిమ మేధ నడుస్తున్న దారి అక్కడే పడింది.

కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారి కూడా ఈ ఎదుగుదలతో పాటే వెడల్పవుతూ వచ్చింది. 1992 నాటి పీసీఐ సెకనుకు 133 మెగాబైట్లు మోసేది, దాన్నీ మిగతా కార్డులతో పంచుకోవాలి. 1997లో వచ్చిన ఏజీపీ గ్రాఫిక్స్‌కే ప్రత్యేకమైన స్లాట్. 2004 నుంచి దాని చోటును పీసీఐ ఎక్స్‌ప్రెస్ తీసుకుంది. పదహారు లేన్ల స్లాట్‌లో తొలి తరం సెకనుకు 4 గిగాబైట్లు, రెండో తరం 8, మూడో తరం దాదాపు 16 మోస్తాయి.

ఇన్ని పనులు తనలోకి లాక్కున్నా కార్డు ఒంటరిగా బతకలేదు. ఏం గీయాలో ప్రాసెసర్ చెప్పాలి, సామగ్రి స్లాట్ గుండా రావాలి, కరెంటు ఎస్‌ఎంపీఎస్ ఇవ్వాలి, వేడిని క్యాబినెట్‌లోని గాలి మోసుకుపోవాలి. పాత డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ నత్తనడక నడుస్తుంటే లోపం ఈ నాలుగింటిలో ఎక్కడైనా ఉండొచ్చు. చాలాసార్లు కార్డు నిర్దోషే. దాన్ని మార్చేసి డబ్బు వదిలించుకున్న తర్వాత కూడా ఆట అలాగే నత్తలా నడిస్తే అప్పుడు తెలుస్తుంది, అసలు దోషి ఇంకెవరో అని.

ఉదాహరణకు 2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060. 440 కోట్ల ట్రాన్సిస్టర్లు, 1,280 లెక్కల యూనిట్లు, 6 గిగాబైట్ల మెమరీ, 120 వాట్ల వినియోగం. వాల్వ్ సంస్థ తన స్టీమ్ వేదిక మీద నెలనెలా జరిపే సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలిచిన కార్డు ఇది. దీన్ని తమ పాత కంప్యూటర్లలో, ముఖ్యంగా 2011 నాటి కోర్ ఐ5 2400 వంటి నాలుగు కోర్ల యంత్రాల్లో బిగించుకున్నవారు ఎందరో. ఇవాళ నెమ్మదించిన పాత కంప్యూటర్లలో ఇలాంటి జంటలూ ఉంటాయి.

విప్పడానికి ముందు కొలవాలి. అందుకు పనికొచ్చే జీపీయూ-జడ్, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లు రెండూ ఉచితంగా దొరికేవే. ఆఫ్టర్‌బర్నర్ ఏ కంపెనీ కార్డునైనా చూపిస్తుంది. ఆట నడుస్తుండగా కార్డు వినియోగ శాతం, క్లాక్ వేగం, ఉష్ణోగ్రత, వాడుతున్న మెమరీ చూడాలి. ఆట మూసేశాక చూస్తే ప్రయోజనం లేదు. పని లేనప్పుడు కార్డు తనంతట తానే నెమ్మదిస్తుంది.

వినియోగం 95 శాతం దాటి స్థిరంగా ఉంటే కార్డు తన శక్తి కొద్దీ పనిచేస్తున్నట్టే. 50, 60 దగ్గరే ఆగిపోతుంటే అది దేనికోసమో ఎదురుచూస్తోంది. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు ఉన్న సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ ఫ్రేములో ఏ వస్తువు ఎక్కడుందో తేల్చి కార్డుకు చెప్పడానికే ప్రాసెసర్ 25 మిల్లీసెకన్లు తీసుకుంటే ఎంత గొప్ప కార్డు పెట్టినా సెకనుకు 40 ఫ్రేములే వస్తాయి. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వినియోగం 45 శాతమే కనిపించవచ్చు. ఆటలోని ముఖ్యమైన పని ఒకే కోర్ మీద పడి అది నూటికి నూరు శాతం అలసిపోయినా, మిగతా మూడు చాలావరకు ఖాళీగా ఉండటంతో సగటు అమాయకంగా కనిపిస్తుంది. కోర్లను విడివిడిగా చూస్తేనే బండారం బయటపడుతుంది.

దీన్ని తేల్చే తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఆట రిజల్యూషన్‌ను 1920 × 1080 నుంచి 1280 × 720కి తగ్గించాలి. కార్డు గీయాల్సిన పిక్సెళ్లు సగం కంటే తక్కువకు పడిపోతాయి. అయినా ఫ్రేముల సంఖ్య కదలకపోతే అడ్డంకి కార్డు కాదు, ప్రాసెసర్. ర్యామ్ పరిస్థితీ ఇలాంటిదే. ఒకే స్టిక్ ఉన్న కంప్యూటర్‌లో అదే రకం రెండోది సరైన స్లాట్‌లో పెడితే డ్యూయల్ ఛానెల్ పనిచేసి ప్రాసెసర్‌కు మెమరీ వేగం పెరుగుతుంది. అయితే వీసింక్ ఆన్‌లో ఉండి ఫ్రేములు సరిగ్గా 60 దగ్గరే నిలిస్తే వినియోగం తక్కువగా ఉండటం రోగం కాదు, మానిటర్ వేగానికి కార్డు కట్టుబడి ఉందంతే.

వినియోగం నిండుగా ఉండి క్లాక్ పడిపోతుంటే వేడిని అనుమానించాలి. జీటీఎక్స్ 1060 కనీస వేగం 1,506 మెగాహెర్ట్జ్, పెట్టె మీద రాసే బూస్ట్ వేగం 1,708. చల్లగా ఉంటే 1,800 దాటి పరుగెడుతుంది. 83 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తన్ను తాను కాపాడుకోవడానికి మెట్టు మెట్టుగా దిగుతుంది. ఆట మొదలైన పది నిమిషాలు బాగా నడిచి తర్వాత మందగించడం దీని స్పష్టమైన గుర్తు. గది వేడి దాదాపు యథాతథంగా కార్డు వేడికి తోడవుతుంది. జనవరిలో 22 డిగ్రీల గదిలో 68 దగ్గర నిలిచే కార్డు, ఫ్యాన్ వేగం పెరగకపోతే, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 84కి చేరుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల కంప్యూటర్ వేసవిలోనే మొరాయిస్తోందంటే కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

ముందుగా క్యాబినెట్ పక్క తలుపు తీసి ఆడించి చూడాలి. ఉష్ణోగ్రత గబగబా దిగిపోతే కార్డు బాగానే ఉన్నట్టు, గాలే ఆడడం లేదు. దిగకపోతే కార్డు బయటికి తీయాలి. ఫ్యాన్ రెక్కల వెనక హీట్‌సింక్ రేకుల మీద దుమ్ము మెత్తటి పొరలా పరుచుకుని ఉంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, విడిగా వదిలేస్తే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఏళ్లు గడిచిన కార్డులో చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా పొడిబారి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా శుభ్రంగా తుడిచి, చిప్ మీద కొత్త పేస్ట్ పెట్టి, నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరసలో కొద్దికొద్దిగా బిగించాలి. మెమరీ చిప్‌ల మీదుండే మెత్తటి ప్యాడ్‌లు చిరిగితే అదే మందంవి వేయాలి. మందం ఎక్కువైతే హీట్‌సింక్ అసలు చిప్‌కు తగలదు.

కరెంటు లోపం నెమ్మదితనంగా కంటే హఠాత్తుగా కనిపిస్తుంది. ఆట మధ్యలో తెర నల్లబడుతుంది, కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. స్లాట్ నుంచి 75 వాట్లు, ఆరు పిన్నుల కేబుల్ నుంచి ఇంకో 75 వాట్లు తీసుకోవచ్చు. 120 వాట్ల కార్డుకు ఇది చాలు, ఎస్‌ఎంపీఎస్ నిజాయితీగా ఇస్తే. దాని లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం వాట్ల కన్నా 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నది ముఖ్యం. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే పరీక్ష అక్కడితో ఆపాలి. బోర్డుకు మరమ్మతు జరగనిదే ఏ కొలతా నమ్మదగింది కాదు.

స్లాట్ తప్పు కంటికి కనబడదు. ఒకే పొడవున్న రెండు స్లాట్లు మదర్‌బోర్డు మీద ఉన్నా రెండోదానికి చాలాసార్లు నాలుగు లేన్లే ఉంటాయి. జీపీయూ-జడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడిలో ముందు కార్డు సామర్థ్యం, తర్వాత ప్రస్తుత స్థితి కనిపిస్తాయి. జీటీఎక్స్ 1060 మూడో తరం కార్డు, 2011 బోర్డు రెండో తరానిది. కాబట్టి ‘ఎక్స్16 3.0’ పక్కన ‘ఎక్స్16 2.0’ అని ఉంటే ఆ బోర్డు ఇవ్వగలిగినంతా ఇస్తోందని అర్థం. ‘1.1’ అని కనిపించగానే కంగారు పడకూడదు. ఖాళీగా ఉన్న కార్డు కరెంటు ఆదా కోసం అలా దిగుతుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి చిన్న పరీక్ష నడిపితే అసలు అంకె పైకొస్తుంది. అప్పుడూ ‘ఎక్స్4’ దగ్గరే ఉండిపోతే కార్డు తీసి, బంగారు పూత అంచును తుడిచి, పై స్లాట్‌లో టక్కుమనేలా గట్టిగా కూర్చోబెట్టాలి. ఇంతకన్నా తేలికైన తప్పు ఇంకొకటి: మానిటర్ కేబుల్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి ఉండటం. సాధారణంగా అప్పుడు ఆటను నడిపేది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మాత్రమే.

సగటు వేగం బాగానే ఉండి మలుపు తిరిగినప్పుడల్లా తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంటే మెమరీ చాలడం లేదు. జీటీఎక్స్ 1060 పేరుతోనే 2016 ఆగస్టులో 3 గిగాబైట్ల రకం కూడా వచ్చింది. అందులో యూనిట్లూ 1,152కు తగ్గాయి. పేరొకటే కావడంతో ఏది కొన్నదీ తెలియనివారు చాలామంది. కార్డు తన మెమరీని సెకనుకు 192 గిగాబైట్ల వేగంతో చదువుతుంది. అది నిండిపోతే మిగిలింది ర్యామ్‌లోకి పోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే 8 గిగాబైట్ల దారే గతి, అంటే ఇరవై నాలుగింతలు నెమ్మది. ఆట సెట్టింగ్‌లలో టెక్స్చర్ నాణ్యత ఒక్కటి తగ్గిస్తే సగం బాధ తీరుతుంది.

డ్రైవర్ సంగతి త్వరగా తేలుతుంది. డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని కనిపిస్తే అసలు డ్రైవరే లేదు. పాత డ్రైవర్ ముక్కలు మిగిలిపోయినట్టు అనిపిస్తే డీడీయూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం తుడిచి కొత్తగా వేసుకోవాలి. జీటీఎక్స్ 1060 తరానికి కొత్త ఆటల కోసం ప్రత్యేక డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోతాయని ఎన్విడియా ప్రకటించింది. కాబట్టి ఆ తర్వాత వచ్చే ఆటల్లో ఇబ్బంది ఎదురైతే దాన్ని కార్డు జబ్బుగా లెక్కవేయకూడదు.

వాడిన కార్డు కొన్నప్పుడు ఇంకో అనుమానం తప్పదు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకోగానే ఆ నాణేల తవ్వకంలో (మైనింగ్) పగలూ రాత్రీ తిరిగిన కార్డులు గుట్టలుగా పాత సరుకు మార్కెట్‌కు వచ్చాయి. వాటిలో ముందుగా అరిగేది ఫ్యాన్, ఆ తర్వాత పేస్ట్. రెండూ మార్చుకోగలిగినవే. పాత చిప్‌లో బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మే నకిలీలది వేరే కథ. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా ఇంకెక్కడ కొన్నా, డబ్బు చెల్లించేముందు జీపీయూ-జడ్ తెరిచి చూడటం మేలు. అలాంటి చాలా కార్డులను అది ‘ఫేక్’ అని పేరు ముందే రాసి చూపిస్తుంది.

తెర మీద రంగుల గళ్లు, గీతలు కనిపిస్తే అది చిప్ లేదా మెమరీ దెబ్బతిన్న గుర్తు. వేడెక్కుతూ చల్లారుతూ ఉండే క్రమంలో చిప్ కింది టంకపు బొడిపెల్లో పగుళ్లు పడతాయి. ఎన్విడియా 2008లో ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజీలో తలెత్తిన ఇలాంటి బలహీనతకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. కార్డును ఓవెన్‌లో పెట్టి కాల్చే చిట్కా కొన్నిసార్లు కొద్ది వారాలు నిలుస్తుంది. అది మరమ్మతు కాదు, పైగా ప్రమాదం.

అన్నీ చూశాక కూడా తేలకపోతే అదే కార్డును తెలిసినవారి కొత్త కంప్యూటర్‌లో పెట్టి అదే ఆట నడపాలి. అక్కడ పరుగెత్తితే కార్డును వదిలేసి మిగతా యంత్రం గురించి ఆలోచించాలి. అక్కడా కుంటితే కార్డు మార్చే సమయం వచ్చింది. అప్పుడైనా పాత బోర్డుకు ఏది సరిపోతుందో చూసుకోవాలి. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 ఎనిమిది లేన్లతోనే పనిచేస్తుంది. నాలుగో తరం స్లాట్‌లో దానికి సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు దక్కుతాయి, 2011 నాటి బోర్డులో 4 మాత్రమే. యూఈఎఫ్ఐ లేని పాత బయోస్ ఉన్న బోర్డుల్లో కొన్ని కొత్త కార్డులు అసలు బొమ్మే చూపించకపోవచ్చు. అలాంటి యంత్రానికి పదహారు లేన్లు నిండుగా వాడుకునే, మెమరీ కాస్త ఎక్కువున్న పాత తరం కార్డే నయం.