చౌడు నేలలో మృదంగం

బర్నింగ్ మ్యాన్‌కి వీణ తీసుకెళ్లొచ్చా అని బే ఏరియాలో మనవాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వద్దంటాను. పాత మృదంగం, పోయినా ఏడవక్కర్లేనిది ఉంటే పట్టుకు రమ్మంటాను.

ఆగస్టు ఆఖర్నుంచి సెప్టెంబరు మొదటి దాకా నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారిలో జరిగే ఈ ఉత్సవానికి 70 వేల మంది దాకా వస్తారు. కరెంటు స్తంభం, కొళాయి ఉండవు. ఐసు లాంటివి ఒకటి రెండు తప్ప ఏదీ అమ్మరు. ఆ నేల మంచుయుగం నాటి లహోంటన్ సరస్సు అడుగు, ఎండి చౌడైపోయింది. దుమ్ము ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. క్షారం కాబట్టి తడి తగిలితే లోహాన్ని తినడం మొదలెడుతుంది.

అందుకని గాలి పీల్చే వస్తువేదైనా నాకు అనుమానమే. హార్మోనియం అసలొద్దు. తిత్తి ఆడించినప్పుడల్లా దుమ్మును రీడ్ల దాకా లాక్కుంటుంది. అదే దుమ్ము మిక్సర్ ఫేడర్ల సందుల్లో దిగితే వాల్యూం కదిపినప్పుడల్లా గరగరే. వాయించనప్పుడు దానికి దిండు గలీబు తొడుగుతాను. ఆంప్లిఫయర్‌ని మాత్రం ప్లాస్టిక్‌లో చుట్టకండి, వేడికి చస్తుంది. గాలి లోపలికి పోయే వైపు ఏసీ ఫిల్టరు ముక్క కడితే చాలు.

ఇక మృదంగం. ఆ పొడిగాలికి చర్మం బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, అంచును కింది నుంచి రాయితో తట్టి దించుకుంటూ ఉండాలి. ఎడమ మూతకి అద్దిన రవ్వ ముద్ద ఇట్టే పెళుసెక్కి రాలుతుంది. తడిగుడ్డ దగ్గరుంచుకుంటే కాస్త నిలుస్తుంది. రాలిన రవ్వ కూడా మన వెంటే ఇంటికి రావాలి, అక్కడ చెత్తకుండీలుండవు. నేనైతే ఒళ్లో పాత చీర పరుచుకుంటాను.

ఇంటికొచ్చాక వాద్యాన్ని తడిగుడ్డతో తుడవాలనిపిస్తుంది. ఆగండి. ముందు పొడి బ్రష్షుతో దులపాలి. క్షారాన్ని విరిచే వెనిగర్ నీళ్లు ఆ దుమ్ముకి పగిలిన మీ కాళ్లకి, సర్క్యూట్లకి కాదు.

మనిషి సంగతికొస్తే, రోజుకి ఆరు లీటర్ల నీళ్లు, కళ్లద్దాలు, మాస్కు. ఎదుటి మనిషి కనపడనంత దుమ్ము లేస్తే వాయించడం ఆపి, స్పీకర్లని స్టాండ్ల మీంచి దించి, ఉన్నచోటే కూర్చోవాలి. జనరేటర్ ఎప్పుడూ టెంటు బయటే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఆపి చల్లారనిచ్చాకే పెట్రోలు పోయాలి. చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి: 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించే చెవికి 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే గడువు. పెద్ద స్పీకర్ల ముందు జనం తెల్లవార్లూ నిలబడతారు!

ఎడారే కదా, వానెక్కడిది అనుకోకండి. 2023 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకి నేలంతా జిగట బురదై బండ్లు కదలకుండా ఆపేశారు. కేబుల్ జాయింట్లని ఎప్పుడూ నేలకి జానెడు ఎత్తున కట్టి ఉంచండి.