క్రీడాంగణమునకు ధనమెవ్వరిది?

మన పాఠశాలలోని పై తరగతుల బాలబాలికలకు ఫుట్‌బాల్ ఆటయందు అభిమానము నానాటికి పెరుగుచున్నది. ఇది మాకెంతయు సంతోషకరమైన విషయము. అయితే వారు తరచుగా అడుగు ప్రశ్న యొకటి పెద్దలమైన మనము కూడ ఆలోచింపదగినదిగా నున్నది. "బెంగళూరువంటి మహానగరమున ఫుట్‌బాలుకే ప్రత్యేకించిన పెద్ద స్టేడియమును ప్రభుత్వమేల కట్టింపరాదు?" అని వారి ప్రశ్న. తల్లిదండ్రులలోను కొందరు మాతో ఈ మాటయే అనియున్నారు. దీనికి కట్టింపవలయుననియో, అక్కరలేదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట తేలిక. కాని ప్రభుత్వ ధనమనగా మనము కట్టిన పన్నులే గదా! ఆ ధనము స్టేడియమునకు ఏ యే మార్గముల పోవునో, దానివలన లాభము పొందువారెవరో, నష్టము వచ్చినచో భరించువారెవరో తెలిసికొనిన పిదపనే అభిప్రాయము చెప్పుట మంచిది. అందులకై ఈ విషయమును మాకు తెలిసినంతవరకు వివరింపబూనినాము.

మొదట వృత్తి ఫుట్‌బాల్ అనగానేమో చూతము. పాఠశాలలోను, పేటలోను ఆడు ఆట వేరు. వృత్తి క్లబ్బు ఆడు ఆట వేరు. వృత్తి క్లబ్బు ఒక వ్యాపారసంస్థ. దానికి యజమానులుందురు, జీతములు తీసికొను ఆటగాండ్రుందురు. టిక్కెట్లు, ప్రకటనలు, టెలివిజను హక్కులు మొదలగు వానివలన ఆదాయముండును. అట్టి వ్యాపారముండుట తప్పు కాదు. అయితే ఏ వర్తకుడైనను తన దుకాణమును తన డబ్బుతోనే కట్టుకొనును, లేదా అద్దెకు తీసికొనును. వృత్తి క్రీడలలో మాత్రము ఆ దుకాణమును ప్రజలే కట్టి ఇయ్యవలెనను కోరిక అనేక దేశములలో వినవచ్చుచున్నది.

ప్రజాధనము స్టేడియమునకు నాలుగు దారులలో పోవును. మొదటిది ఖజానానుండి నేరుగా ఇచ్చు నిధి. ఇది బడ్జెటులో అందరికి కనబడును. రెండవది భూమి. నగరములో నూరు కోట్ల విలువగల స్థలమును నామమాత్రపు కౌలుకిచ్చినచో అదియు నూరు కోట్ల దానమువంటిదే. కాని లెక్కలలో కనబడదు. మూడవది పన్నుల మినహాయింపు, తక్కువ అద్దె. నాలుగవది ఋణము. నగరపాలికలు బాండ్లనెడి ఋణపత్రములను విక్రయించి ధనము సేకరించుట కలదు. 1997లో 125 కోట్ల రూపాయలకు ఇట్టి బాండ్లను విడుదల చేసి మన దేశమున ఈ పద్ధతికి దారి చూపినది బెంగళూరు నగరపాలికయే. ఋణము తీసికొనునపుడు ఎవ్వరికిని బరువు తెలియదు, తీర్చునపుడు తెలియును.

ఒక ఊహాలెక్క వేసి చూతము. ఒక స్టేడియమునకు 500 కోట్లు అప్పు చేసితిమనుకొందము. వడ్డీ నూటికి 8 చొప్పున, ఇరువది ఏండ్లలో సమానమైన వాయిదాలతో తీర్చవలెనన్నచో ఏటేట సుమారు 51 కోట్లు చెల్లింపవలసి వచ్చును. మొత్తము వేయి కోట్లు దాటును. ఇండియన్ సూపర్ లీగులో 2024-25 సంవత్సరమున ఒక్కొక్క జట్టు తన సొంత మైదానమున ఆడిన లీగు ఆటలు పన్నెండు. ఆ స్టేడియమున ఆ పన్నెండు ఆటలే జరిగినచో ఒక్కొక్క సాయంకాలమునకు నాలుగు కోట్లకు పైగా పడును. ఇరువది వేలమంది చూడవచ్చిరనుకొన్నను తలకు 2,100 రూపాయలకు తగ్గదు. మైదానపు పోషణ, విద్యుత్తు, కాపలా వ్యయము ఇందులో చేరలేదు. మిగిలిన మూడువందల ఏబది దినములలో ఆ స్టేడియమును ఎవరు, దేనికి వాడుదురను ప్రశ్నకు సరియైన సమాధానము లేనిచో ఈ లెక్క ఎన్నటికిని పొసగదు.

ఇక మన నగరపు అనుభవమును చూతము. శ్రీ కంఠీరవ స్టేడియము ఒకప్పటి సంపంగి చెరువున్న చోట వెలసినది. ఆ చెరువులో నేడు మిగిలినది కరగ ఉత్సవమునకు ఉపయోగపడు చిన్న కొలను మాత్రమే. ఇప్పటి స్టేడియము 1997లో కర్ణాటకమున జరిగిన జాతీయ క్రీడలకై ప్రభుత్వ ధనముతో సిద్ధమైనది. 2013లో జె.ఎస్.డబ్ల్యు. సంస్థ స్థాపించిన బెంగళూరు ఫుట్‌బాల్ క్లబ్బు మొదటి ఏడు అశోకనగరములోని చిన్న ఫుట్‌బాల్ స్టేడియమున ఆడి, తొలి ప్రయత్నముననే ఐ-లీగును గెలిచెను. 2014లో కంఠీరవకు మారెను. 2018-19లో ఇండియన్ సూపర్ లీగును గూడ గెలిచెను. అభిమానులు వేలకొలదిగా వచ్చిరి. నగరమునకు పేరు వచ్చెను. ఇది ఒక ప్రక్క.

రెండవ ప్రక్క ఏమనగా, కంఠీరవ మైదానము చుట్టును పరుగుపందెపు ట్రాకు కలదు. అచ్చట నిత్యము సాధన చేయువారు పరుగుపందెపు బాలబాలికలు. ఫుట్‌బాల్ ఆటల వలన తమ సాధనకు భంగము కలుగుచున్నదని అథ్లెట్లు, వారి శిక్షకులు ఆక్షేపించిరి. వివాదము హైకోర్టువరకు పోయినది. ప్రజల సొమ్ముతో కట్టిన ఒక్క స్థలమునకు ఇద్దరు హక్కుదారులైనపుడు ఏమి జరుగునో దీనివలన తెలియుచున్నది. వారిలో ఒకరు ధనము తెచ్చువారు. మరియొకరు పతకము తెచ్చు ఆశగలవారు. ఏ వేళ ఎవరిదో ముందుగానే వ్రాసికొనకపోవుట వలననే ఇట్టి చిక్కులు కలుగును.

తెలుగువారమైన మనకు హైదరాబాదు అనుభవము ఇంకను సన్నిహితమైనది. గచ్చిబౌలిలోని స్టేడియము 2002లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన జాతీయ క్రీడలకై నిర్మింపబడినది. ఆ సంవత్సరమే ప్రమాదమున మరణించిన లోక్‌సభ అధ్యక్షులు జి.ఎం.సి. బాలయోగి గారి పేరు దానికి పెట్టిరి. మరుసటి ఏట ఆఫ్రో-ఏషియన్ క్రీడలు కూడ హైదరాబాదునందే జరిగినవి. 2019లో పూణె నగరపు క్లబ్బు మూతపడగా, ఆ స్థానమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడి గచ్చిబౌలిని తన మైదానముగా చేసికొనెను. 2022 మార్చిలో గోవాలో జరిగిన అంతిమ పోటీలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత యయ్యెను. తెలుగు దేశమంతయు సంతోషించెను. కాని తరువాతి కాలమున ఆ క్లబ్బు ఆర్థికముగా చితికిపోయెను. యాజమాన్యము మారెను. తుదకు 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడ మార్చుకొనెను.

ఇందు గమనింపదగిన సంగతి ఒకటున్నది. పూణె నుండి హైదరాబాదుకు, హైదరాబాదు నుండి ఢిల్లీకి క్లబ్బు పోగలిగినది. గచ్చిబౌలి స్టేడియము మాత్రము కదలలేదు. అదృష్టవశమున అది ఒక్క క్లబ్బుకొరకు కట్టినది కాదు. 2024 డిసెంబరు 31వ తేదీన సంతోష్ ట్రోఫీ అంతిమ పోటీ అచ్చటనే జరిగి, పశ్చిమ బెంగాలు కేరళపై గెలిచినది. అందరి ఆటలకై కట్టినది గనుక క్లబ్బు పోయినను స్టేడియము పనికి వచ్చుచున్నది. అదియే ఒక్క క్లబ్బును నమ్ముకొని, దాని కోరిక ప్రకారము, అప్పుచేసి కట్టినదైనచో మన గతి ఏమయ్యెడిది? అద్దెకు రాబోవువాని మాట నమ్మి మేడ కట్టి, వాడు ఖాళీచేసి పోగా వాయిదాలు కట్టుకొనుచున్న ఇంటి యజమాని గతియే గదా!

ఇది వట్టి భయము కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున అక్షరాల ఇట్లే జరిగినది. అచ్చటి ఫుట్‌బాల్ చేతితో బంతి పట్టుకొని పరుగెత్తు వేరొక ఆట. కాని వ్యాపారపు రీతి ఒక్కటే. రామ్స్ అను జట్టును రప్పించుటకై ప్రజాధనముతో కట్టిన స్టేడియము 1995లో తెరవబడెను. రాష్ట్రము, నగరము, కౌంటీ కలిసి ఏటేట 2 కోట్ల 40 లక్షల డాలర్లు ముప్పది ఏండ్లపాటు చెల్లించుటకు ఒప్పుకొనినవి. 2016లో జట్టు లాస్ ఏంజిలిస్‌కు వెళ్లిపోయెను. అప్పు మాత్రము అచ్చటనే యుండెను. జట్టు పోయిన పిమ్మట కూడ ప్రజలు వాయిదాలు చెల్లించుచు వచ్చిరి. తరువాత వారు వ్యాజ్యము వేయగా 2021లో 79 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. అయితే ప్రతి నగరమునకును అట్టి రాజీ లభించునని చెప్పజాలము.

లండను నగరపు సంగతియు చూడదగినది. 2012 ఒలింపిక్ క్రీడలకై కట్టిన స్టేడియమును పిదప ఫుట్‌బాలుకు అనువుగా మార్చుటతో మొత్తము వ్యయము 70 కోట్ల పౌనులకు చేరెను. అందు 2016 నుండి 99 ఏండ్ల కౌలుపై ఆడుచున్న వెస్ట్ హామ్ క్లబ్బు మార్పులకై ఇచ్చినది కోటి యేబది లక్షల పౌనులు. ఏటి అద్దె సుమారు 25 లక్షల పౌనులుగా నిర్ణయించిరి. ఆటనాటి వ్యయములలో చాలవరకు ప్రజాసంస్థయే భరింపవలసి వచ్చుటచే ఈ ఒప్పందము తీవ్ర విమర్శకు గురియైనది. అదే లండనులో ఆర్సెనల్ క్లబ్బు తాను చేసికొన్న అప్పుతోనే 2006లో క్రొత్త స్టేడియమును తెరచినది. కావున క్లబ్బులు తమంతట తాము కట్టుకొనలేవనుట సరి కాదు.

స్టేడియము వచ్చినచో ఉద్యోగములు వచ్చును, హోటళ్లు నడుచును, నగరాదాయము పెరుగునని చెప్పువారు కలరు. వారి మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఈ విషయమును పరిశోధించిన ఆర్థికశాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు పెట్టిన ప్రజాధనమునకు తగిన లాభము రాదనియే తేల్చిరి. అమెరికాలో రోజర్ నోల్, ఆండ్రూ జింబలిస్ట్ అను పండితులు 1997లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున పేరుపొందినది. కారణము మన ఇండ్లలోనే తెలిసికొనవచ్చును. నెలకు వినోదమునకై వేయి రూపాయలు ఖర్చుచేయు కుటుంబము స్టేడియమునకు పోయినచో ఆ నెల సినిమాకు పోదు. ధనము ఒక వీధినుండి మరియొక వీధికి మారినదే గాని క్రొత్తగా పుట్టలేదు. ఆటనాడు దొరకు ఉద్యోగములు కూడ చాలవరకు కొన్ని గంటల పనులే. నగరాభిమానము, సంతోషము అనునవి మాత్రము నిజమైన లాభములు. వానికి కొంత వెల ఇయ్యవచ్చును. ఎంత యని అడుగుట మన బాధ్యత.

ఇట్టి ప్రశ్న మన మహదేవపుర వాసులకు మరింత ముఖ్యము. ఆస్తిపన్ను వసూలులో మన మండలము అనేక సంవత్సరములు నగరమునకంతకు ముందు నిలిచినది. 2025 సెప్టెంబరులో నగరపాలన అయిదు పాలికలుగా విభజింపబడగా మనము తూర్పు నగరపాలికలో చేరితిమి. ఇంత పన్ను కట్టు మన ప్రాంతమున 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగు రోడ్డు చెరువైపోయి, ఉద్యోగులు ట్రాక్టర్లపై పోవలసి వచ్చిన సంగతి మీరెరుగుదురు. రాజకాలువలు బాగుచేయుటకును, స్టేడియము కట్టుటకును ధనము ఒక్క బొక్కసమునుండియే రావలెను.

2025 ఆగస్టులో బొమ్మసంద్ర వద్ద సూర్యనగరమున నూరు ఎకరములలో 80,000 మంది కూర్చుండదగిన క్రికెట్ స్టేడియమును, ఇతర క్రీడావసతులను 1,650 కోట్లతో కర్ణాటక గృహనిర్మాణ మండలిచే కట్టించు ప్రతిపాదనకు ముఖ్యమంత్రి ఆమోదించినట్లు పత్రికలలో వచ్చెను. ధనము మండలిదే గనుక ప్రభుత్వ ఖజానాపై భారము లేదనిరి. గృహనిర్మాణ మండలియు ప్రజాసంస్థయే గదా! ఇండ్లకై ఏర్పడిన సంస్థ ధనము ఇండ్లకు గాక మరియొక దానికి పోవునపుడు అది ఏ విధముగా తిరిగి వచ్చునో తెలిసికొను హక్కు మనకు కలదు. రేపు ఫుట్‌బాల్ స్టేడియము ప్రతిపాదన వచ్చినను ఇవే ప్రశ్నలు వర్తించును.

ఆ ప్రశ్నలను క్లుప్తముగా చెప్పుదుము. భూమి ఎవరిది, దాని విలువను లెక్కలో చేర్చిరా? అప్పు ఎవరి పేర నున్నది, ఎన్ని ఏండ్లు తీర్చవలెను? టిక్కెట్లు, ప్రకటనల ఆదాయములో ప్రజలకు పాలెంత? అంచనా మించిన వ్యయము ఎవరు భరింతురు? క్లబ్బు మధ్యలో విడిచిపోయినచో పరిహారమేమి? ఆటలు లేని దినములలో పాఠశాలల పిల్లలకు, పరుగుపందెములవారికి ఎన్ని గంటలు కేటాయింతురు? వీనికి వ్రాతమూలకమైన సమాధానములున్న స్టేడియమును మేము సంతోషముతో స్వాగతింతుము. లేనిదానిని ఎంత పెద్దవారు ప్రారంభించినను సందేహింతుము. 2025 ఆగస్టులో, లీగు భవిష్యత్తు అనిశ్చితమైన కారణమున, మన బెంగళూరు క్లబ్బే ఆటగాండ్ర జీతములను నిలిపివేయవలసి వచ్చినది. వృత్తి క్లబ్బుల స్థితి ఇంత సున్నితముగా నున్నపుడు ముప్పది ఏండ్ల అప్పును వాని భుజములపై నిలుపుట వివేకము కాదు.

మేము క్రీడలకు వ్యతిరేకులము కాము. హైదరాబాదు ఫుట్‌బాలును భారతదేశమునకే ఆదర్శముగా నిలిపిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిచేత ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్కులలో భారతజట్టు నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందినది ఆయన శిక్షణలోనే. అప్పటికి గచ్చిబౌలి స్టేడియము లేదు. పిల్లలు ఆడుకొనుటకు నేల యుండెను, నేర్పుటకు గురువుండెను.

మన వార్డులలో ఈ రెండును నేడు కరవైనవి. పెద్ద స్టేడియమునకగు వ్యయములో స్వల్పభాగముతో ఎన్నియో చిన్న మైదానములను చదునుచేసి, కంచె వేసి, దీపములు పెట్టి, శిక్షకులను నియమింపవచ్చును. అవి ఏ క్లబ్బు తరలిపోయినను తరలిపోవు. నగరపాలిక సభలకు, వార్డు సమావేశములకు మీరు పోవునపుడు మొదట పిల్లలకు మైదానము కోరుడని, స్టేడియము మాట వచ్చినపుడు పై ప్రశ్నలను నిర్మొగమాటముగా అడుగుడని తల్లిదండ్రులందరికి మా మనవి.