చలిదేశమున చదువు

వేసవిలో ఉప్పల్, నాచారం ప్రాంతములందు మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలకు చేరుట సాధారణము. ఆ యెండలో పెరిగిన విద్యార్థి పైచదువునకై అమెరికాలోని బోస్టన్ నగరమునకు పోయెననుకొందము. అచట జనవరి రాత్రులలో వేడి సున్నకు దిగువకు పడిపోవును. ఇంతటి మార్పును శరీరమెట్లు భరించును?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1920 దశకమున అదే నగరమునకేగెను. ఉష్ణదేశముల వ్యాధులను గూర్చి చదువుటకు ఆయన చలిదేశమునకు పోవలసివచ్చెను! రాత్రులందు ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు చదివి, 1930లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను.

మన శరీరపు లోపలి వేడి 37 డిగ్రీలకు దగ్గరగా నుండవలెను. చలి తగిలినంతనే చర్మములోని రక్తనాళములు ముడుచుకొని, వేడిని బయటికి పోనీయవు. అందుచేతనే వ్రేళ్ళు, చెవులు ముందుగా చల్లబడును. చలి హెచ్చినచో కండరములు వణకి వేడిని పుట్టించును. కావున వణకు పిరికితనము కాదు, శరీరము చేసికొను రక్షణ.

ఎండకు శరీరము సుమారు రెండు వారములలో చాలవరకు అలవాటుపడును. చలికి అంత సులభముగా అలవాటుపడదు. అచట బుద్ధి తోడు కావలెను. ఒక్క దళసరి వస్త్రముకంటె ఒకదానిపై నొకటిగా తొడిగిన పలుచని వస్త్రములు మేలు. వాని నడుమ నిలిచిన గాలి వేడిని కాపాడును. బట్ట తడిసినచో ఆ గుణము పోవును గనుక వెంటనే మార్చుకొనవలెను.

వెలుతురు కొరతయు చిన్న విషయము కాదు. డిసెంబరులో ఉప్పల్‌నందు పగలు సుమారు 11 గంటలు, బోస్టన్‌నందు 9 గంటలు. అచటి ఏటవాలు శీతకాలపు టెండకు చర్మము ‘డి’ విటమినును దాదాపు తయారు చేయజాలదు. దిగులును కొందరిని ఆవరించును. అట్టివారు మౌనముగా సహింపక, స్నేహితులకు, వైద్యునకు చెప్పుకొనుట వివేకము.

ఉప్పల్ మార్గమున 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటార్కిటికాలోని మైత్రి కేంద్రమున భూకంపములను నమోదు చేయు పని నిర్వహించుచున్నది. మన దేశమునుండి ఆ మంచుఖండమునకు పోవు బృందములవారికి ముందుగా హిమాలయములలోని ఔలీయందు శిక్షణ నిత్తురు. ఆరితేరిన శాస్త్రజ్ఞులే ముందుగా సిద్ధపడుచుండగా, విద్యార్థి సిద్ధపడకుండుట తగునా? చలిని జయించుట మొండితనముచే గాదు, ముందుచూపుచేతనే.