తంబురాకు తోడు ఏ ట్యూనర్?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు దేశమంతటా పేరు తెచ్చారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ బుర్రకథలో కథకుడి భుజాన ఉండే తంబురా చిన్నదే. శ్రుతి తప్పిందంటే మాత్రం కథంతా అభాసే.

హార్మోనియం మెట్టు నొక్కి, చెవితో పోల్చుకుంటూ బిరడా తిప్పడం పాత పద్ధతి. ఇప్పుడు ఫోన్ యాప్‌లున్నాయి, క్లిప్పు ట్యూనర్లున్నాయి.

బుర్రకథకైతే క్లిప్పే మేలు. యాప్ ఫోన్ మైకుతో వింటుంది. కోటప్పకొండ తిరునాళ్లలాంటి చోట, లౌడ్‌స్పీకర్లు హోరెత్తుతూ, పక్కన వంతలు గుమ్మెటలు సరిచూసుకుంటుంటే దానికి తీగ నాదం ఏం వినబడుతుంది? క్లిప్పు అలా కాదు. తంబురా కర్రను పట్టుకుని, అందులోని కంపనాన్నే కొలుస్తుంది.

కొనేటప్పుడు క్రొమాటిక్ రకమేనా అని అడగాలి. గిటార్‌కే పరిమితమైనది మనకు చాలదు. తెరమీద కనిపించే అక్షరాలకూ కంగారు పడక్కర్లేదు: ఒకటో శ్రుతి సి, రెండు డి, ఐదు జి. ట్యూనర్‌లో ప్రమాణ స్వరాన్ని (ఎ) 440 హెర్ట్జ్ దగ్గర ఉంచాలి. మేళంలో హార్మోనియం ఉండి, దాని శ్రుతి కాస్త అటూఇటూ అయితే మాత్రం ట్యూనర్‌ను పక్కనపెట్టి హార్మోనియాన్నే అనుసరించాలి.

ఇంకో చిక్కు. ట్యూనర్ చూపే పంచమం శుద్ధ పంచమం కంటే సుమారు 2 సెంట్లు తక్కువ. అరస్వరానికి 100 సెంట్లు కనుక తేడా స్వల్పమే. అయినా షడ్జమాన్ని ట్యూనర్‌తో నిలిపి, పంచమాన్ని చెవితో కలుపుకోవడమే సరైన పద్ధతి.